పరిణామవాదంపై సందేహం, ఇంటెలిజెంట్ డిజైన్: రెండూ ఒకటేనా?

ప్రశ్న: మా అబ్బాయి విజయవాడలో ఇంటర్ బైపీసీ చదువుతున్నాడు. డార్విన్ సిద్ధాంతాన్ని శాస్త్రవేత్తలే సందేహించారని, కాబట్టి జీవులను ఏదో మేధాశక్తి రూపొందించిందనే ‘ఇంటెలిజెంట్ డిజైన్’ వాదమే నిజమని వాడి స్నేహితుడు అంటున్నాడట. సందేహించిన వారంతా ఆ వాదానికి చెందినవారేనా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కాదండీ. జపాన్ జన్యుశాస్త్రవేత్త మోటూ కిమురా 1968లో, అణుస్థాయి మార్పుల్లో అధికభాగం ప్రకృతి వరణం (మనుగడకు మేలుచేసే లక్షణాలు తరతరాలుగా నిలిచి పెరగడం) వల్ల కాక యాదృచ్ఛికంగానే స్థిరపడతాయని ప్రతిపాదించి పెద్ద వాదానికే తెరతీశారు గాని, పరిణామం జరిగిందన్న మాటను ఆయన ఏనాడూ కాదనలేదు. ఆ సందేహం శాస్త్రం లోపలిది. దానివల్ల సిద్ధాంతం మరింత పదునెక్కింది.

ఇక ఇంటెలిజెంట్ డిజైన్ వాదుల్లో ప్రముఖుడైన అమెరికన్ జీవరసాయన శాస్త్రవేత్త మైకేల్ బీహీ సైతం జీవులకు ఉమ్మడి పూర్వికులున్నారని ఒప్పుకుంటారు. ఆయన అభ్యంతరమల్లా బాక్టీరియా ఈదడానికి వాడే పోగు, అంటే కశాభం వంటి నిర్మాణాల గురించే. కణత్వచంలో నాటుకొని ఉన్న ఒక సూక్ష్మ మోటారు ఆ పొడవాటి పోగును గిరగిరా తిప్పుతుంది. అందులో ఒక్క భాగం తీసేసినా అది పనిచేయదు కనుక అంచెలంచెలుగా ఏర్పడి ఉండదని ఆయన వాదన. అయితే దాని అడుగుభాగంలోని ప్రోటీన్లను పోలినవే ప్లేగు బాక్టీరియాలోనూ ఉన్నాయి. అక్కడ అవి ఏ పోగునూ తిప్పవు, ఎదుటి కణంలోకి హానికర ప్రోటీన్లను ఎక్కిస్తాయి. అంటే మొత్తం యంత్రం లేకపోయినా కొన్ని భాగాలు వేరే పనికి అక్కరకు వస్తున్నాయన్నమాట.

ఒకవేళ బీహీ సందేహం నిలిచినా, ఒక వివరణ చాలదని తేలినంత మాత్రాన రెండోది దానంతటదే రుజువైపోదు. ఈ తర్కదోషాన్ని బడిలో ఇంటెలిజెంట్ డిజైన్‌ను ప్రస్తావించడంపై అమెరికాలోని పెన్సిల్వేనియాలో నడిచిన డోవర్ పాఠశాలల కేసులో న్యాయమూర్తి జాన్ జోన్స్ 2005లో ఎత్తిచూపి, ఇంటెలిజెంట్ డిజైన్ విజ్ఞానశాస్త్రం కాదని తీర్పు చెప్పారు. పరిణామవాదానికి మాత్రం సొంత సాక్ష్యం ఉంది: చేపలకూ నాలుగు కాళ్ల జంతువులకూ నడిమి జీవి ఏ కాలపు శిలల్లో దొరకాలో ముందుగా అంచనా వేసుకుని వెదికితేనే, కెనడా ఉత్తర ధ్రువ ప్రాంతంలో దాదాపు 37.5 కోట్ల ఏళ్లనాటి టిక్టాలిక్ శిలాజం 2004లో బయటపడింది. డిజైన్ వాదం ఎక్కడ తవ్వాలో ఇలా చెప్పగలిగిన ఉదాహరణ నాకు కనబడలేదు.

మీ ఇంట్లో దైవభక్తి ఉంటే దీనివల్ల దానికొచ్చిన ముప్పేమీ లేదని కూడా అబ్బాయికి చెప్పండి. డోవర్ కేసులో బీహీ వాదనను ఖండిస్తూ సాక్ష్యమిచ్చిన జీవశాస్త్రవేత్త కెన్నెత్ మిల్లర్ దేవుణ్ణి నమ్మే కేథలిక్కు.