సర్క్యులేషన్ సెక్షన్ ఇన్‌ఛార్జ్‌గా వెళ్లమంటున్నారు, వెళ్లనా?

ప్రశ్న: లైబ్రరీ సైన్స్ చదివి రెండేళ్లుగా కేటలాగింగ్‌లో, అంటే పుస్తకాల వివరాలు నమోదు చేసే విభాగంలో పనిచేస్తున్నాను. ఇప్పుడు పాఠకులకు పుస్తకాలు ఇచ్చి, తిరిగి తీసుకునే సర్క్యులేషన్ సెక్షన్‌కు ఇన్‌ఛార్జ్‌గా వెళ్లమంటున్నారు. నా కింద ఏడుగురు ఉంటారు. వాళ్లలో ఇద్దరు నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవాళ్లు. మనుషులతో పని చేయించడమంటే నాకు టెన్షన్. పైగా అది స్టాంపులు వేసే పనేగా అని స్నేహితులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లండి. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేనూ కొన్నేళ్లు ఆ డెస్క్ దగ్గర పనిచేశాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ముందు స్టాంపుల సంగతి. తిరిగొచ్చిన పుస్తకానికి ఎంత పని ఉంటుందో మీ స్నేహితులకు తెలియదు. బార్‌కోడ్ స్కాన్ చేసి చెకిన్ చేయాలి, అంటే తిరిగొచ్చినట్టు కంప్యూటర్‌లో నమోదు చేయాలి. తడిసిందా, పేజీలు ఊడాయా చూడాలి. ఇంకెవరైనా రిజర్వ్ చేసుకుని ఉంటే స్లిప్ పెట్టి విడిగా ఉంచి, వాళ్లకు కబురు పంపాలి. లేదంటే ట్రాలీలో పెట్టి, పుస్తకం చోటు చెప్పే కాల్ నంబర్ చూసి ర్యాక్‌లో సర్దాలి. విషయాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లు ఇచ్చే డ్యూయీ పద్ధతిలో ఇంగ్లిష్ నవలల 823లో ఉండాల్సినది జర్మన్ నాటకాల 832లోకి పోయిందంటే, ఆ పుస్తకం లైబ్రరీలో ఉన్నా లేనట్టే. కంప్యూటర్ చెప్పేదీ ర్యాక్‌లో ఉన్నదీ ఒకటే అయ్యేలా చూడడమే సర్క్యులేషన్ ఇన్‌ఛార్జ్ అసలు పని.

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో ఒకసారి కళ్లారా చూశాను. ఒక విద్యార్థిని పుస్తకం ఇచ్చేశానంటోంది, స్క్రీన్ మీదేమో ఇంకా ఆమె పేరునే ఉంది. వెనక క్యూ పెరుగుతోంది. మా వాళ్లలో ఒకరు, ‘సిస్టమ్ అబద్ధం చెప్పదమ్మా’ అన్నారు. ఆ అమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను లేచి వెళ్లి చూస్తే పుస్తకం దాని చోటులో నిక్షేపంగా ఉంది. రద్దీలో ఎవరో స్కాన్ చేయకుండానే సర్దేశారు. ఆమెకు క్షమాపణ చెప్పాం. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాం. ఇచ్చేశానని ఎవరన్నా ముందు ర్యాక్, దాని పక్క అరలు, ట్రాలీ, రిటర్న్ బాక్స్ వెతకాలి. మాట్లాడేది ఆ తర్వాతే. మీరు కూడా మొదటి రోజు నుంచే ఈ నియమం పెట్టండి.

ఇక సీనియర్ల విషయం. మీ అసలు టెన్షన్ ఇదేనని అర్థమైంది. మొదటి నెల ఏ పద్ధతీ మార్చకండి. రోజూ ఒక గంట వాళ్ల పక్కన కూర్చుని చెకిన్ చేయండి. ‘ఇది ఇలా ఎందుకు చేస్తున్నారు సార్, మేడమ్’ అని నిజంగా తెలుసుకోవడానికే అడగండి. చాలా అలవాట్ల వెనక కారణం ఉంటుంది, కొన్నింటికి ఉండదు. ఏది ఏదో వాళ్ల నోటనే బయటపడుతుంది. కొత్తవారికి పని నేర్పే బాధ్యత వాళ్లకే ఇవ్వండి. తప్పు చెప్పాల్సి వస్తే పాఠకుల ముందు మాత్రం వద్దు, లోపలికి పిలిచి చెప్పండి.

డ్యూటీ చార్టు అందాజుగా వేయకండి. ఏ గంటలో ఎన్ని పుస్తకాలు వెళ్లాయో, వచ్చాయో సాఫ్ట్‌వేర్ రిపోర్టులో ఉంటుంది. రద్దీ గంటల్లో డెస్క్ దగ్గర ఇద్దరు, ఖాళీ గంటల్లో ర్యాకులు సర్దేవాళ్లు ఎక్కువ. ఎవరినీ రెండు గంటలకు మించి ఒకేచోట కూర్చోబెట్టకండి. విసుగు ముందుగా గొంతులోనే తెలిసిపోతుంది.

పొద్దున తలుపులు తీయకముందే రిటర్న్ బాక్స్ ఖాళీ చేయించండి. సెలవు రోజున పడ్డ పుస్తకాలకు తేదీ వెనక్కి వేసి చెకిన్ చేయాలి, లేకపోతే పాపం పాఠకుడి మీద జరిమానా పడుతుంది. జరిమానా ఎంతవరకు మాఫీ చేయొచ్చో కాగితం మీద రాసి అందరికీ ఇవ్వండి. డెస్క్‌లో ఎవరున్నా జవాబు ఒకటే ఉండాలి. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో ఎవరు అడిగినా డెస్క్ దగ్గర చెప్పకూడదని కూడా అందులోనే రాయండి.

పాఠకులే పుస్తకాలు స్కాన్ చేసి తీసుకెళ్లే సెల్ఫ్ చెకౌట్ యంత్రాలు వస్తే ఈ పనికి భవిష్యత్తు ఉంటుందా అన్న అనుమానం మీకూ ఉండొచ్చు. స్కానింగ్ తగ్గుతుంది, నిజమే. జరిమానాలు కూడా అంతటా ఉండకపోవచ్చు. చికాగో పబ్లిక్ లైబ్రరీ 2019లో, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 2021లో ఆలస్య రుసుములు ఎత్తేశాయి. కానీ యంత్రం దగ్గర తేలని సమస్యతో వచ్చే మనిషి డెస్క్‌కే వస్తాడు. షిఫ్టులు వేసి, గొడవలు సర్ది, లెక్కలు చూసిన అనుభవం రేపు లైబ్రరీ మొత్తాన్ని చూసుకునే పోస్టుకు మిమ్మల్ని సిద్ధం చేస్తుంది. కేటలాగింగ్‌లో అది దొరకదు. సాఫ్ట్‌వేర్ భయం ఉంటే కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఉచితమే, సొంత కంప్యూటర్‌లో పెట్టుకుని సర్క్యులేషన్ నియమాలు మార్చి చూస్తూ నేర్చుకోండి.

అలాగని ఇది తేలిక పని కాదు. సాయంత్రాలు, వారాంతాలు పోతాయి. ఇద్దరు ఒకేరోజు సెలవు పెడితే ట్రాలీ మీరే తోయాలి. అందుకే ఒప్పుకునే ముందు పై అధికారిని మూడు విషయాలు అడగండి: సెలవులు ఇచ్చే అధికారం మీకు ఉంటుందా, జరిమానా మాఫీ మీ సంతకంతో అవుతుందా, సిబ్బంది శిక్షణకు వారానికి ఒక గంట డెస్క్ మూసుకోనిస్తారా. మొదటి రెండింటికీ కాదంటే, అవి ఎవరి చేతిలో ఉంటాయో రాతపూర్వకంగా తీసుకున్నాకే చేరండి.