పద్మిని హెడ్‌కు కాస్టిక్ సోడా వద్దు

ప్రశ్న: పాత ప్రీమియర్ పద్మిని కారు ఇంజను విప్పాను. సిలిండర్ హెడ్ మీది నల్లటి జిడ్డు డీజిల్ పూసి రుద్దినా వదలడం లేదు. కాస్టిక్ సోడా నీళ్లలో ఉడకబెట్టమంటున్నారు. చెయ్యొచ్చా?
- ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: వద్దండి. పద్మిని హెడ్ అల్యూమినియం. కాస్టిక్ సోడా దాన్ని తినేస్తుంది. అప్పుడు బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, నిప్పు తగిలితే అంటుకుంటుంది. గ్యాస్కెట్ (హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య వేసే పొర) కూర్చునే చోట గుంటలు పడితే లేత్‌కు తీసుకెళ్లి ఫేసింగ్, అంటే ఆ ముఖం చదును, చేయించాల్సిందే. హెడ్ కింద ఉండే బ్లాక్ పోత ఇనుము కాబట్టి దానికి ఆ భయం లేదు. ఏ భాగానికైనా ముందు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే కాస్టిక్ సోడా, బట్టల సోడా రెండూ దూరం పెట్టండి.

డీజిల్ మెత్తటి జిడ్డును కరిగిస్తుంది గానీ, వేడికి కాలి గట్టిపడ్డ పొరలోకి త్వరగా దిగదు. అందుకే మందంగా ఉన్నదంతా ముందు వెదురు బద్దతో గీకేయండి. ఆ తర్వాత హెడ్‌ను రాత్రంతా డీజిల్‌లో ముంచి ఉంచండి. పైపైన పూస్తే చాలదు. తెల్లారి ఇత్తడి బ్రష్‌తో రుద్ది, 10 లీటర్ల వేడి నీళ్లలో 100 మిల్లీలీటర్ల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి కడగండి. రెండు మూడు సార్లు ఇలా చేస్తే గానీ వదలదు, ఓపిక పట్టాలి. వాల్వుల దగ్గరి కార్బన్ మీద కార్బ్ క్లీనర్ (కార్బురేటర్ శుభ్రం చేసే స్ప్రే) కొట్టి, పావుగంట ఆగి గీకండి. ఎమరీ పేపర్ మాత్రం ముట్టుకోవద్దు. దాని రవ్వ ఆయిల్ దారుల్లో దాక్కుని, ఇంజను తిరిగాక బేరింగులను గీరేస్తుంది.

చివరిసారి కడగడానికి మన బోరు నీళ్లు వాడితే సున్నపు మరకలు మిగులుతాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ (యాసిడ్ కాదు) 2 లీటర్లు కొనుక్కోండి. ఇనుప భాగాలను ఎండలో ఆరబెట్టి, ఆ వేడి మీదే ఇంజన్ ఆయిల్ పల్చగా రాయండి. ఆలస్యం చేస్తే ఎర్రటి తుప్పు తేలుతుంది.

ప్రశ్న: బ్రేక్ వీల్ సిలిండర్లను కిరోసిన్‌తో కడగొచ్చా?
- ఒక పాఠకురాలు, కడప

జవాబు: కూడదు. కిరోసిన్ చుక్క మిగిలినా లోపలి రబ్బరు కప్పులు ఉబ్బి, పిస్టన్ వెనక్కి రాక బ్రేకు పట్టేస్తుంది. మిథిలేటెడ్ స్పిరిట్‌తో గానీ కొత్త బ్రేక్ ఫ్లూయిడ్‌తో గానీ కడిగి, కప్పులు కొత్తవి వేయండి. డ్రమ్ములోని దుమ్మును గాలితో ఊదొద్దు. పాత లైనింగుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి.