కొత్త చికిత్స నేర్చుకోబోయే మేనకోడలికి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

విజయవాడలో కౌన్సెలింగ్ కేంద్రం తెరుస్తున్నానని, బోర్డు మీద ‘ట్రామా థెరపిస్ట్’, అంటే ఘోర అనుభవాలు మిగిల్చిన మానసిక గాయాలకు చికిత్స చేసేదానినని, రాయించుకోవాలా అని, ఇప్పుడందరూ చెప్పుకుంటున్న రెండు రోజుల ట్రామా చికిత్స శిక్షణకు అంత రుసుము కట్టవచ్చా అని అడిగావు. ఆ మాట బోర్డు మీద వద్దు. మన దగ్గరికి వచ్చేవారు గుండె దడ అని, నరాల బలహీనత అని, నిద్ర పట్టడం లేదని చెప్పుకుంటూ వస్తారు. వారి బాధకు కారణమేమిటో గడప దాటకముందే గోడ మీద కనబడితే వారు దానినే తమలో వెతుక్కుంటారు, నువ్వూ దానినే వింటావు.

శిక్షణ విషయానికి కొంత వెనకటి కథ తెలియాలి. శరీరంలో జబ్బేదీ కనబడకుండానే మూర్ఛలు, చచ్చుబడిన చేతులు వంటి లక్షణాలు చూపే హిస్టీరియాకు మూలం బాల్యంలో జరిగిన లైంగిక అత్యాచారమేనని మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1896లో ప్రకటించాడు, మరుసటి ఏడాదికే ఆ నమ్మకాన్ని వదులుకున్నాడు. ఆ తరువాత ఎన్నో దశాబ్దాలు నిజంగా అత్యాచారానికి గురైన పిల్లల మాటలను కూడా ఊహల కింద కొట్టిపారేసినవారున్నారు. 1980లో, వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల పక్షాన జరిగిన పోరాటం వల్ల, పీటీఎస్‌డీ, అంటే ఘోర అనుభవం తరువాత పీడకలలు, ఉలికిపాటు వదలని జబ్బు, అమెరికా మనోవైద్యుల రోగనిర్ణయ గ్రంథంలోకి ఎక్కింది. ఉద్యమబలంతో వచ్చినంత మాత్రాన ఆ జబ్బు అబద్ధం కాదు. అయితే ఆ దశకంలోనే గాలి రెండో వైపుకు తిరిగింది. ఏ బాధకైనా అడుగున మరచిపోయిన అత్యాచారం ఉంటుందని నమ్మిన చికిత్సకులు హిప్నాటిజంతో జ్ఞాపకాలను తవ్వితే, జరగని నేరాలకు తల్లిదండ్రులు దోషులుగా నిలబడిన కుటుంబాలున్నాయి. చిన్నప్పుడు దుకాణాల సముదాయంలో తప్పిపోయావన్న కల్పిత కథను జ్ఞాపకాలపై పరిశోధించే మనస్తత్వవేత్త ఎలిజబెత్ లాఫ్టస్ బృందం 24 మందికి వినిపిస్తే, వారిలో నాలుగోవంతు మంది దానిని పూర్తిగానో కొంతవరకో తమ జ్ఞాపకంగా చెప్పారని 1995లో ప్రచురితమైంది. పిల్లలు చెప్పింది నమ్మకపోవడానికీ, ఎవరూ చెప్పనిది చెప్పించడానికీ మూలం ఒక్కటే: ఎదుటి మనిషి నోరు విప్పకముందే సిద్ధాంతం తీర్పు చెప్పేయడం.

నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన కలిగించేది డీబ్రీఫింగ్ అనే పద్ధతి. ప్రమాదం జరిగిన కొద్ది రోజులకే బాధితులను కూర్చోబెట్టి అంతా చెప్పిస్తే గాయం లోపల పాతుకోదన్న నమ్మకంతో అది ప్రపంచమంతా పాకింది. వేల్స్‌లో కాలిన గాయాలతో ఆసుపత్రిలో చేరినవారిపై దానిని పరీక్షించి, ఫలితాలను 1997లో ప్రచురించారు. 13 నెలల తరువాత చూస్తే, అలా చెప్పించినవారిలో 26 శాతం మందికి పీటీఎస్‌డీ ఉంది, చెప్పించనివారిలో 9 శాతానికే ఉంది. మొదటి గుంపువారి గాయాలు ముందునుంచే కొంత తీవ్రమైనవన్న అభ్యంతరం న్యాయమైనదే. అయినా తరువాతి పరీక్షలన్నీ కలిపి చూసినా, ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పించే ఆ పద్ధతి వల్ల మేలు కనబడలేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు నేను ఈ సంగతి మనసులో పెట్టుకునే వెళ్ళాను. నడుము ఎత్తున బురద చార ఉన్న గోడకు ఆనుకుని ఒకావిడ, తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయిన కొడుకు మార్కుల మెమోలను గోటితో విడదీస్తూ కూర్చుంది. నీళ్ళు ఎలా వచ్చాయని నేను అడగలేదు. డూప్లికేటు మెమోలకు ఎక్కడ దరఖాస్తు పెట్టాలో చెప్పి, రాత్రి తోడెవరున్నారని మాత్రం అడిగాను. నెలలు గడిచినా చినుకు చప్పుడుకే ఉలిక్కిపడి లేస్తున్నవారికి, పని చేసుకోలేకపోతున్నవారికి చికిత్స అవసరం. మిగిలినవారు ఇంటివాళ్ళు, ఇరుగుపొరుగుల తోడుతో తేరుకుంటారు. వారిని రోగులుగా మార్చవద్దు.

కొత్త పద్ధతి ఏదైనా, అది పనిచేస్తుందా అన్న ప్రశ్ననూ ఎందుకు పనిచేస్తుందన్న ప్రశ్ననూ విడివిడిగా అడుగు. చేదు జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్ళు కదిలించే ఈఎండీఆర్ అనే చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది, కాని అందులో కళ్ళు అటూ ఇటూ కదిలించడం నిజంగా అవసరమా అన్న వాదం తేలలేదు. నువ్వు పంపిన శిక్షణ కరపత్రంలోని, మెదడు నుంచి గుండెకూ పొట్టకూ వెళ్ళే వేగస్ నాడే మన భయాన్నీ ప్రశాంతతనూ నడిపిస్తుందన్న సిద్ధాంతం వినడానికి సొంపుగా ఉంటుంది, కాని దాని శరీరశాస్త్ర పునాదినే పలువురు నిపుణులు ఒప్పుకోవడం లేదు. బాల్యంలోని కష్టాలకు మార్కులు వేసే పది ప్రశ్నల పట్టిక జనసమూహాలను అధ్యయనం చేయడానికి పుట్టింది. ఒక్కొక్క మనిషి భవిష్యత్తును దానితో అంచనా కట్టవద్దని, 1998 నాటి ఆ అధ్యయనానికి సారథులలో ఒకరైన రాబర్ట్ ఆండాయే తరువాత హెచ్చరించాడు.

కాబట్టి రుసుము కట్టకముందు నిర్వాహకులను అడుగు: దీనిని మరొక చికిత్సతో పోల్చి చూశారా, ఆ పోలిక చేసినవారు శిక్షణలు అమ్ముకునేవారేనా, ఎవరికి ఇది పనికిరాదు? చివరి ప్రశ్నకు ‘అందరికీ పనికొస్తుంది’ అని జవాబిస్తే లేచి వచ్చెయ్యి. ఆ డబ్బుతో ట్రామాపై దృష్టి పెట్టే సీబీటీ, అంటే ఆలోచనల, ప్రవర్తన తీరును మార్చే చికిత్స, నేర్చుకుని, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో ఏడాదిపాటు కేసులు చూడు. మొదటి రోజే నిద్ర, పని, ఇంట్లో మాటామంతీ ఎలా ఉన్నాయో రాసిపెట్టుకుని, నాలుగైదు సెషన్లకొకసారి సరిచూసుకో. మార్పు లేకపోతే గుంటూరు జనరల్ ఆసుపత్రి మనోవైద్య విభాగానికి పంపు. అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలో తెలియని వారికి ప్రభుత్వ మానసిక సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరు మొదటి రోజే కాగితం మీద రాసివ్వు.

నిర్వాహకులు ఇచ్చిన జవాబులు నాకు పంపితే చదివి నా అభిప్రాయం రాస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య