జాక్సన్ హైట్స్‌లో 1930ల నాటి కో-ఆప్ ఫ్లాట్ కొనొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైంది. న్యూయార్క్ నగరం క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్‌లో రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన బిల్డింగులో రెండు బెడ్‌రూముల కో-ఆప్ ఫ్లాటు మీకు నచ్చింది. (కో-ఆప్ అంటే బిల్డింగు మొత్తం ఒక కంపెనీది; మనం కొనేది అందులో షేర్లు, వాటితోపాటు ఫ్లాటులో ఉండే హక్కు.) మీవాళ్ళందరూ మాత్రం "ఆ పాత కొంపెందుకు, న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఇల్లు కొనుక్కోండి" అంటున్నారు. నన్నడిగితే కొనమనే చెప్తాను. మేం 2017లో కొన్నాం. 1937లో కట్టిన ఆరంతస్తుల బిల్డింగు. 74వ వీధి స్టేషనుకి పది నిమిషాల నడక.

ముందు డబ్బు సంగతి. ఫ్లాటు ధర చూసి చవగ్గా వస్తోందని మురిసిపోకండి, నెలనెలా కట్టాల్సిన మెయింటెనెన్సు చూడండి. ఆస్తి పన్ను, హీటు, వేణ్ణీళ్ళు, బిల్డింగు మొత్తం మీద ఉన్న అప్పు వాయిదా అన్నీ అందులోనే ఉంటాయి. ఆ అప్పు గడువు ఎప్పుడు ముగిసి మళ్ళీ కొత్తగా తీసుకోవాలో, బిల్డింగు పేర బ్యాంకులో రిజర్వు ఎంతుందో, బాయిలర్ ఆయిల్‌తో నడుస్తోందా గ్యాస్‌తోనా అడగండి. పాతిక వేల చదరపు అడుగులు దాటిన బిల్డింగులకి 2024 నుంచి లోకల్ లా 97 అనే నగర చట్టం కింద కర్బన ఉద్గారాల పరిమితి వచ్చింది. పాత బాయిలరుంటే రేపు ఆ ఖర్చు షేర్ల లెక్కన మీ మీదే పడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం బోర్డు మీటింగుల మినిట్స్, అంటే ఏం మాట్లాడుకున్నారో రాసిపెట్టిన రికార్డు. బోర్డంటే బిల్డింగులో ఉండేవాళ్ళు ఎన్నుకున్న కమిటీ, కొనేవాళ్ళని ఒప్పుకోవాల్సిందీ వాళ్ళే. మీ లాయరు చదివి రెండు ముక్కల్లో చెప్పేస్తానంటారు. ఒప్పుకోకండి, రాసుకున్న నోట్సు పంపమనండి. మేం మొదట చూసిన ఫ్లాటు అద్దంలా ఉంది. చేపముల్లులా పేర్చిన హెరింగ్‌బోన్ చెక్క నేల, ఎత్తయిన సీలింగు, గుండ్రటి ఆర్చి. మినిట్స్‌లో చూస్తే ఏడాదిన్నరలో నాలుగుసార్లు అదే పైకప్పు లీకు గురించి మాట్లాడుకుని నాలుగుసార్లూ వాయిదా వేశారు. ఆ ఆర్చి చూసి కొనుంటే మేం కట్టే ప్రతి డాలరూ ఆ పైకప్పుకే పోయేది.

రెండో ఫ్లాటు సంగతి మరీ ఘోరం. రెండేళ్ళ టాక్స్ రిటర్నులు, ప్రతి బ్యాంకు ఖాతా, ఉద్యోగం లెటరు, తెలిసినవాళ్ళ దగ్గర సిఫారసు లేఖలు అన్నీ కట్టగట్టి ఆ బిల్డింగు బోర్డుకి ఇచ్చాం. ఇంటర్వ్యూకి కూడా పిలవకుండా ఒక వాక్యంతో కాదన్నారు. కారణం చెప్పలేదు. న్యూయార్క్ నగరంలో బోర్డు కారణం చెప్పాల్సిన పని లేదని అప్పుడు తెలిసింది. మనుషుల జీవితాన్ని కాగితం కాగితం విప్పి చూసినవాళ్ళు ఎందుకు వద్దన్నారో ఒక్క మాట చెప్పరా? ఇది అన్యాయమనే నేనిప్పటికీ అంటాను. ఈ పేటలో తోటల బిల్డింగులు కట్టిన క్వీన్స్‌బరో కార్పొరేషన్ ఆ రోజుల్లో యూదుల్ని, నల్లజాతి వాళ్ళని రానివ్వలేదు. నోరు విప్పక్కర్లేని అధికారం చేతిలో ఉంటే ఏం చేయొచ్చో ఈ వీధులకే బాగా తెలుసు. ఇప్పుడు మేం కొన్న బిల్డింగు బోర్డులో ఒక కొలంబియా ఆవిడ, ఒక బెంగాలీ ఆయన, ఒక యూదు టీచరు ఉన్నారు. మా ఇంటర్వ్యూ ఇరవై నిమిషాలు. వాళ్ళడిగిన గట్టి ప్రశ్న ఒక్కటే, కింది వాళ్ళకి అడుగుల చప్పుడు వినపడకుండా నేల మీద ఎనభై శాతం తివాచీ వేస్తారా అని.

ఇక పాత బిల్డింగు కష్టాలు. గ్రైండరూ మైక్రోవేవూ ఒకేసారి వేస్తే ఫ్యూజు పోయేది. గోడలు ప్లాస్టరువి, మేకు కొడితే పెచ్చు ఊడుతుంది. ఫ్లాటులో వాషింగ్ మెషీను పెట్టనివ్వరు, బట్టలు బేస్‌మెంటుకి మోసుకెళ్ళాలి. ఇవన్నీ అలవాటైపోతాయి. మాకు నిద్ర లేకుండా చేసింది రేడియేటరు, బాయిలర్ నుంచి వచ్చే ఆవిరితో గదిని వేడెక్కించే ఇనప పరికరం.

2019 జనవరి ఆఖరి వారం, ధ్రువప్రాంతం నుంచి దిగొచ్చిన పోలార్ వోర్టెక్స్ చలి. మా నాన్న తెనాలి నుంచి వచ్చి నెలైంది. రాత్రి రెండున్నరకి హాల్లో ఎవరో ఇనప గొట్టం మీద సుత్తితో బాదినట్టు ఢాం ఢాం మని మోత. పాప ఏడుస్తూ లేచింది. నేను వెళ్ళి రేడియేటరు వాల్వు సగం దాకా మూశాను. మోత ఇంకా పెరిగింది. నాన్న శాలువా కప్పుకుని వచ్చి, దాని ముందు కుర్చీ వేసుకుని చాలాసేపు విన్నారు.

"ఒరేయ్, ఇందులోకి ఆవిరి వచ్చే గొట్టం ఏదిరా?"

"అదే నాన్నా, ఆ వాల్వు దగ్గరిది."

"మరి నీళ్ళు పోయేది?"

"అది కూడా అదే."

నాన్న ముప్ఫై ఏళ్ళు కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేశారు. ఇంకేమీ అడగలేదు. తెల్లారి రేడియేటరు చల్లారాక, వంటింట్లోంచి స్టీలు పళ్ళెం తెచ్చి, దాని మీద పెట్టి కాసిని నీళ్ళు పోశారు. నీళ్ళన్నీ కిటికీ వైపు చేరాయి. వాల్వు వైపు పళ్ళెం అడుగు పొడిగా మెరుస్తోంది.

"వాటం తిరగబడిందిరా. ఆవిరి చల్లబడి నీళ్ళయితే ఆ గొట్టంలోకే వెనక్కి పోవాలి. పోలేక ఈ మూల నిలబడుతున్నాయి. వెనకొచ్చే ఆవిరి వాటిని కొడుతోంది."

ఎనభై ఏళ్ళలో నేల కిటికీ వైపు కుంగింది. అంతే సంగతి. బిల్డింగు చూసుకునే సూపర్‌ని పిలిచాను. ఆయన ఈక్వడార్ మనిషి, నాన్నకి ఆయన భాష రాదు, ఆయనకి నాన్న భాష రాదు. నాన్న పళ్ళెం చూపించారు. ఆయన వంగి చూసి, నాన్న భుజం తట్టి, కిందికెళ్ళి గడ్డపారా రెండు చెక్కముక్కలూ తెచ్చాడు. ఆయన ఎత్తుతుంటే నాన్న కిటికీ వైపు కాళ్ళ కింద చెక్కలు తోశారు. మళ్ళీ పళ్ళెం పెట్టారు. నీళ్ళు మెల్లిగా కదిలి వాల్వు వైపు వచ్చాయి. ఇద్దరూ ఒకేసారి తలూపారు. వెళ్తూ వెళ్తూ ఆయన నాకు చెప్పింది ఒక్కటే: వాల్వు పూర్తిగా తెరువు, లేదా పూర్తిగా కట్టెయ్, సగంలో ఎప్పుడూ ఉంచకు. ఆ రాత్రి నుంచి మోత లేదు.

ఆ తర్వాత నాన్న బిల్డింగులో అందరికీ తెలిసిపోయారు. నేనసలు చెప్పదలచుకున్నదీ ఇదే. ఎడిసన్‌లో మావాళ్ళ ఇళ్ళకి వెళ్తుంటాను. పెద్ద ఇళ్ళు, మంచి మనుషులు. కానీ ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు పొద్దున్నించి సాయంత్రం దాకా కిటికీ దగ్గర కూర్చుని కొడుకు కారు కోసం చూస్తుంటారు. గడప దాటాలంటే ఎవరో ఒకరు కారు తియ్యాలి. రీసేల్ వాల్యూ, స్కూల్ రేటింగు గంటలకొద్దీ లెక్కేసే మనవాళ్ళు ఈ ఒక్క లెక్క ఎందుకు వెయ్యరో నాకర్థం కాదు.

నాన్న ఇక్కడ ఎవర్నీ అడగకుండా బయటికెళ్ళేవారు. 74వ వీధిలో పటేల్ బ్రదర్స్‌కి నడిచి వెళ్ళి కరివేపాకు, గోంగూర ఏరుకుని తెచ్చేవారు. దగ్గర్లో కార్లు రాని డైవర్సిటీ ప్లాజాలో బెంచీ మీద బంగ్లాదేశ్ పెద్దాయనతో వచ్చీరాని హిందీలో వరి ధరలు మాట్లాడేవారు. శనివారం ఒక్కరే 7 నంబరు రైలెక్కి ఫ్లషింగ్ వెళ్ళి, అక్కడ బస్సు పట్టుకుని గణపతి గుడికి చేరి, కింద క్యాంటీన్‌లో దోసె తిని వచ్చేవారు. 2022లో మళ్ళీ వచ్చేసరికి మోకాళ్ళు పోయాయి, చేతికర్ర వచ్చింది. అప్పటికి 34వ అవెన్యూలో 69వ వీధి నుంచి జంక్షన్ బులవార్డ్ దాకా పగలంతా కార్లు ఆపేస్తున్నారు. మా పాప సైకిలు తొక్కుతుంటే ఆయన కర్ర పట్టుకుని రోడ్డు మధ్యలో నడిచేవారు. దారిలో సూపర్ కనిపిస్తే చెయ్యి ఏటవాలుగా పెట్టి వాటం సరిగ్గా ఉందా అని సైగ చేసేవారు. ఆయన బొటనవేలు పైకెత్తేవాడు.

మీరు చూసిన ఫ్లాటుకి అక్టోబరు దాటి, హీటు మొదలయ్యాక ఇంకోసారి వెళ్ళండి. ఆదివారం మధ్యాహ్నం కాదు, రాత్రి ఎనిమిది తర్వాత వెళ్ళి రేడియేటర్ల చప్పుడు వినండి. సంచిలో ఒక స్టీలు పళ్ళెం పెట్టుకెళ్ళండి. బ్రోకరు ఏమన్నా అనుకోనివ్వండి.