గుమ్మం ఎన్ని అంగుళాలో అడగండి

వీల్‌చెయిర్ వాడే అమ్మగారిని బంధువుల పెళ్లికి రైల్లో తీసుకెళ్లాలంటే ఏయే కాగితాలు సిద్ధం చేసుకోవాలని మీరు అడిగారు. సదరం సర్టిఫికేట్‌తో (వైకల్యాన్ని ధ్రువీకరించే ప్రభుత్వ పత్రం) పాటు, రైల్వే వారు దివ్యాంగులకిచ్చే ఫొటో గుర్తింపు కార్డుకు చాలా ముందుగా దరఖాస్తు చేయండి. అది ఉంటే దివ్యాంగుల కోటాలో టికెట్టు ఇంట్లో కూర్చునే తీసుకోవచ్చు. తోడు లేకుండా ప్రయాణించలేని వారికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం, సెకండ్ ఏసీలో 50 శాతం రాయితీ ఉంది. వెంట వెళ్లే మీకూ అదే వర్తిస్తుంది.

కాగితాల పని అంతటితో తీరుతుంది. నా ప్రయాణాలు చెడిపోయిందల్లా దిగిన చోట బాత్రూమ్ గుమ్మం దగ్గరే కాబట్టి, అసలు చూసుకోవలసింది దాని సంగతేనని నా గట్టి నమ్మకం.

నాకు రెండేళ్ల వయసులో పోలియో సోకింది. నలభై ఏళ్లు కాలిపర్ (కాలికి కట్టే ఊత) వేసుకుని నడిచి, భుజాలు అరిగిపోయాక వీల్‌చెయిర్‌కు మారాను. ఐదేళ్ల క్రితం రాజమండ్రిలో మేనకోడలి పెళ్లికి సికింద్రాబాద్‌లో రాత్రి బండి ఎక్కాం. మామూలు పెట్టెల్లో నడవ ఇరుకు, కుర్చీ కదలదు, బాత్రూమ్ దాకా వెళ్లే ప్రశ్నే లేదు. అందుకని ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు మానేశాను. లాడ్జికి నేనే ఫోన్ చేసి అడిగితే, వీల్‌చెయిర్ హాయిగా వస్తుందని, లిఫ్టు కూడా ఉందని చెప్పారు. తెల్లవారి గదిలోకి వెళ్లాక మా అమ్మాయి చున్నీ పరిచి కొలిచి చూస్తే నా కుర్చీ 25 అంగుళాలు, బాత్రూమ్ గుమ్మం 22 అంగుళాలు. పైగా నీళ్లు బయటికి రాకుండా కట్టిన జానెడు ఎత్తు గడప. చివరికి మా అబ్బాయి, లాడ్జి కుర్రాడు కలిసి నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి లోపలికి మోశారు. తడి నేల మీద కుర్చీ కాలు జారింది. గోడకున్న కుళాయిని పట్టుకుని ఆగాను. దాని అచ్చు సాయంత్రం దాకా అరచేతిలో ఉంది.

ఆ రెండు రోజులూ గొంతు తడుపుకోవడానికి తప్ప నీళ్లు తాగలేదు. పెళ్లి భోజనంలో పులిహోర తిని, మజ్జిగ వద్దన్నాను. ఏమిట్రా అని అక్క అడిగితే దాహంగా లేదని చెప్పాను.

"మేమంతా ఉన్నాం కదా, ఎత్తి తీసుకెళ్తాం" అనే మాట మీకూ వినిపిస్తుంది. అనేవాళ్లది మంచి మనసే, కానీ పదిమంది చూస్తుండగా పట్టుచీరలో ఉన్న పెద్దావిడను చంకల కింద చేతులు వేసి లేపితే ఆవిడకు ఎలా ఉంటుందో ఎవరూ ఆలోచించరు. గుమ్మం వెడల్పు కనీసం 900 మిల్లీమీటర్లు, అంటే సుమారు 35 అంగుళాలు ఉండాలని ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే రాసి ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అయినా 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వారి నివేదికను ముందు పెట్టుకుని, ఈ ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి కావాలని చెప్పవలసి వచ్చింది. అన్నేళ్లు వాటిని సలహాలుగా వదిలేయడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

అందుచేత ఫోన్‌లో "వీల్‌చెయిర్ వస్తుందా" అని అడగకండి. అవతలివారు అబద్ధమాడాలని కాకపోయినా, కుర్చీ హాల్లోకి వస్తే చాలనుకుని వస్తుందనే అంటారు. బాత్రూమ్ గుమ్మం ఎన్ని అంగుళాలు, గడప ఎంత ఎత్తు, కమోడ్ పక్కన కుర్చీ నిలిపే చోటుందా, వీధి నుంచి లిఫ్టు దాకా ఎన్ని మెట్లు అని అడిగి, గుమ్మానికి అడ్డంగా టేపు పట్టి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమనండి. పంపనివారి గది తీసుకోకండి. కల్యాణ మండపానికీ ఇవే ప్రశ్నలు.

ఫోన్ చేసేముందు అమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు చక్రాల మీద ఉంచమని చెప్పి, ఒక మోచేతి నుంచి రెండో మోచేతి వరకు కొలవండి. కుర్చీని మాత్రమే కొలిస్తే కుర్చీ గుమ్మంలో పడుతుంది గానీ, ఆవిడ వేళ్ల కణుపులు ద్వారబంధానికి గీరుకుపోతాయి.