ప్రాసెసర్ మార్చితే పాత డెస్క్‌టాప్ వేగం పెరుగుతుందా?

ప్రశ్న: తెనాలిలో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. 2014లో కొన్న డెస్క్‌టాప్ మీదే పేజ్‌మేకర్‌లో పెళ్లి పత్రికలు, పాఠశాలల ప్రశ్నపత్రాలు కంపోజ్ చేస్తున్నాను. ఇంటెల్ నాలుగో తరం ఐ5, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10 ఉన్నాయి. ఆన్ చేశాక పని మొదలుపెట్టడానికి పది నిమిషాలు పడుతోంది. తేదీ కూడా రోజూ వెనక్కి పోతోంది. మెకానిక్ ప్రాసెసర్ మార్చమంటున్నాడు, మా అబ్బాయి కొత్తది కొనమంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ప్రాసెసర్ ఆలోచన విరమించుకోండి. మీ బోర్డు నాలుగో తరం దాటిన ప్రాసెసర్‌ను తీసుకోదు కనుక, సెకండ్ హ్యాండ్‌లో ఐ7 దొరికినా అది ఆ కాలపు సరుకే. అంతకన్నా కొత్తది కావాలంటే బోర్డు మార్చాలి, బోర్డు మారితే మీ డీడీఆర్3 అనే పాత రకం ర్యామ్ కూడా మూలపడుతుంది.

అసలు ఆలస్యం ప్రాసెసర్ వల్ల కాదనే నా అనుమానం. కంప్యూటర్ తెరుచుకోగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో చూడండి. సీపీయూ అంకె తక్కువగా ఉండి, డిస్క్ మాత్రం చాలాసేపు నూరు శాతం దగ్గరే నిలిచిపోతే దోషం హార్డ్ డిస్క్‌దే. అప్పుడు 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే, తిరిగే భాగాలు లేని వేగమైన డ్రైవ్) ఒకటి పెట్టించి, విండోస్‌ను దాని మీదికి మార్పించండి. మీ బోర్డు మీద డిస్క్‌లు తగిలించే నాలుగు సాటా పోర్టులలో రెండింటికే పూర్తి వేగం ఉంటుంది కాబట్టి, ఎస్ఎస్‌డీని వాటిలో ఒకదానికే తగిలించమని మెకానిక్‌కు గట్టిగా చెప్పండి. ర్యామ్ స్లాటు ఖాళీగా ఉంటే పాతదైనా సరే మరో 4 జీబీ చేర్చండి. రేపు కొత్త కంప్యూటర్ కొన్నా ఎస్ఎస్‌డీ అందులోకి మారుతుంది, డీడీఆర్3 ర్యామ్ మారదు. అందుకే ర్యామ్ మీద ఎక్కువ పెట్టవద్దు. బోర్డు మీద కెపాసిటర్లు (చిన్న డబ్బాల్లాంటి భాగాలు) ఉబ్బి కనిపిస్తే మాత్రం దానిపై రూపాయి కూడా ఖర్చు చేయకండి.

తేదీ వెనక్కి పోవడానికి చాలావరకు కారణం బోర్డు మీది నాణెమంత బ్యాటరీ. సీఆర్2032 అని అడిగితే గడియారాల దుకాణంలో కూడా ఇస్తారు.

ఇంతచేసినా ఒక చిక్కు తీరదు. విండోస్ 10కు సాధారణ మద్దతును, అంటే భద్రతా లోపాలను సరిదిద్దే అప్‌డేట్లను, మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న ముగించింది. విండోస్ 11కు ఆమోదించిన ఇంటెల్ కోర్ ప్రాసెసర్లు, కొన్ని మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరంతో మొదలవుతాయి; మీది నాలుగో తరమే. నలుగురి పెన్ డ్రైవ్‌లు గుచ్చే యంత్రం మీద బ్యాంకు లావాదేవీలు చేయడం నాకైతే మొదటినుంచీ ఇష్టం లేదు, ఇప్పుడు మరీ ప్రమాదం. కాబట్టి పాతదాన్ని నెట్ తీసేసి కంపోజింగ్‌కే ఉంచుకుని, వీలున్నప్పుడు నెట్ పనుల కోసం కొత్తది కొనండి.

ఆ కొత్తదాని మీదికి కంపోజింగ్ కూడా మార్చాలనుకుంటే తొందరపడకండి. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, కాబట్టి కొత్త విండోస్ మీద సరిగా నడుస్తుందో లేదో ముందే చూసుకోవాలి. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకేలా ఉండే అక్షర సంకేత పద్ధతి) కాని తెలుగు ఫాంట్లలో చేసిన ఫైళ్లు ఆ ఫాంట్లు లేనిచోట అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. డబ్బు కట్టే ముందు మీ ఫాంట్లను, కీబోర్డు సాఫ్ట్‌వేర్‌ను వెంట తీసుకువెళ్లి, ఒక పాత పెళ్లి పత్రికను దుకాణంలోనే తెరిపించి, రెండు పంక్తులు టైపు చేసి చూడండి.