ధర్నా కంటే ముందు కాగితం

బిడ్డా,

నిన్న ఫోన్‌లో నీ గొంతు వణికింది. కాజీపేట స్టేషన్ దగ్గరి మీ కాలనీ పార్కులో షాపుల కాంప్లెక్స్, కింద పార్కింగ్ కడతారని, టేపులతో కొలతలు కూడా తీసుకుపోయారని చెప్పావు. "పెద్దబాపూ, రేపే ధర్నాకు కూర్చుంటం" అన్నావు. కూర్చుందువు గాని, ముందు కొన్ని పనులున్నాయి. ఫోన్‌లో చెబితే టెన్షన్‌లో సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముప్పై ఏళ్ల కింద మేమూ టెంటు వేసే మొదలుపెట్టాం. వచ్చిన ఆఫీసరు ఒక్కటే అడిగాడు: "ఇది పార్కు అని ఏ కాగితంలో ఉంది?" మా దగ్గర జవాబు లేదు. పైగా మేమే ఆ జాగను పట్టించుకోక సర్కారు తుమ్మలు మొలిచాయి, ఒక మూల చెత్తకుప్ప పెరిగింది. ఎవరూ వాడని ఖాళీ జాగ అని రాసుకుపోయారు. సగం పోయింది. ఇప్పటికీ ఆ గోడ పక్క నుంచి పోవాల్సి వస్తే నేను వేరే గల్లీలో నుంచి పోతాను.

అందుకే, మొదట ఆ జాగ ఎవరిదో తేల్చుకో. స్టేషన్ చుట్టూ రైల్వే భూమి చాలా ఉంటుంది. హద్దు రాళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో నడిచి చూడు. రైల్వేదే అయితే సికింద్రాబాద్ డివిజన్ అధికారులకు విన్నవించుకోవాలి, అది వేరే దారి. లేఅవుట్ చేసినప్పుడు పార్కు కోసం వదిలిన జాగ అయితే మాత్రం మీ చేతిలో బలం ఉంది. ఇప్పటి నిబంధనల్లో లేఅవుట్‌లో కనీసం పదో వంతు ఖాళీ స్థలంగా వదిలి, దాన్ని మున్సిపాలిటీ పేరు మీద గిఫ్ట్ డీడ్ చేయాలి, అంటే ఉచితంగా రాసివ్వాలి. ప్లాట్లు కొన్నవాళ్లందరూ ఆ ఖాళీ స్థలాన్ని చూసే కొన్నారు. అట్లాంటి జాగను మున్సిపాలిటీ కాపాడాలి గాని, అమ్ముకోవడానికి కాదు.

బెంగళూరులో కాలనీ పార్కుకు వదిలిన స్థలాన్ని ఒక ట్రస్టుకు ఆసుపత్రి కట్టుకోమని ఇచ్చారు. చుట్టుపక్కల ఉండేవాళ్లు కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదన్నది, అడిగే హక్కు ఆ కాలనీవాళ్లకు ఉందని కూడా చెప్పింది. ఆసుపత్రికే ఇవ్వకూడదన్నప్పుడు షాపుల సంగతి వేరే చెప్పాలా? మీ వకీలుకు ఈ తీర్పు చూపించు.

కాగితాల కోసం సమాచార హక్కు కింద అర్జీలు పెట్టు: ఒకటి గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌లో, ఇంకొకటి కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థలో. ఫీజు 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే మొదటి అప్పీలు చేసుకోవచ్చు. "పార్కు ఎందుకు ఇస్తున్నారు" అని అడగకు, దానికి జవాబు రాదు. ఆమోదించిన లేఅవుట్ నకలు, గిఫ్ట్ డీడ్ నకలు, మాస్టర్ ప్లాన్‌లో ఆ జాగను ఏమని చూపించారో ఆ పేజీ, ఈ కాంప్లెక్స్ మీద నడిచిన ఫైలు, అందులోని నోట్స్‌తో సహా అని పేరు పేరునా అడుగు. ఇచ్చిన ప్రతి అర్జీకీ, అది ఆఫీసులో అందినట్టు ఇన్‌వర్డ్ నంబరు వేయించుకో. సోమవారం ప్రజావాణిలో కలెక్టర్ గారికీ ఒకటి ఇవ్వండి. స్థల వినియోగం మార్చాలంటే అభ్యంతరాలు పిలుస్తూ ప్రకటన ఇవ్వాలి కాబట్టి పేపర్లలో నోటిఫికేషన్లు రోజూ చూసే బాధ్యత ఒకరికి అప్పగించు. ఆ గడువు దాటిందంటే పట్టుకోవడం చాలా కష్టం.

చెట్ల మీద కూడా కన్నేసి ఉంచండి. నీళ్లను, భూమిని, చెట్లను కాపాడే వాల్టా చట్టం 2002 నుంచి ఉంది. అనుమతి లేకుండా కొట్టడానికి వస్తే, కాగితం చూపించమని మర్యాదగా అడగండి, ఫోటోలు తీయండి, ఫారెస్ట్ వాళ్లకు ఫోన్ చేయండి. జేసీబీకి అడ్డంగా పడుకోవద్దు బిడ్డా. మీ మీద కేసు పడితే అందరూ దాని గురించే మాట్లాడతారు, పార్కు వెనకబడిపోతుంది.

రేపటి నుంచే ఆ జాగను వాడండి. పొద్దున నడక, సాయంత్రం పిల్లల ఆట, ఆదివారం శ్రమదానం. సద్దుల బతుకమ్మ అక్కడే ఆడతారు కదా, పాత ఫోటోలు ఇంటింటికీ తిరిగి అడుగు, ఏ ఏటివో వెనక రాసుకో. 2020 ఆగస్టులో, 2023 జూలైలో వరదలకు మన ఊరు ఎట్లా మునిగిందో చూశావు. అప్పుడు ఆ పార్కులోకి నీళ్లు వచ్చి ఇంకిన ఫోటో ఎవరి ఫోన్‌లోనైనా ఉంటే అది పది నినాదాల పెట్టు.

ఒక్క మాట మాత్రం మనసులో పెట్టుకో. స్టేషన్‌కు వచ్చేవాళ్లను, ఆటోవాళ్లను తిట్టకండి. వాళ్లకు పార్కింగ్ నిజంగానే కావాలి. మధ్యాహ్నం ఆ వేపచెట్టు కింద కునుకు తీసేది కూడా వాళ్లే. అర్జీలో వాళ్ల సంతకాలూ పెట్టించి, పార్కింగ్‌కు వేరే జాగ మీరే చూపించండి. అన్ని పార్టీలవాళ్లనూ పిలవండి, ఎవరి జెండా కిందా నిలబడవద్దు.

ఆఫీసు నుంచి లేఅవుట్ వచ్చేలోపు చేతిలో ఏదో ఒకటి ఉండాలి గదా. పార్కు చుట్టూ ఉన్న ఇళ్లవాళ్లను పాత సేల్ డీడ్లు బయటికి తీయమను. హద్దుల దగ్గర "తూర్పు: పార్కు స్థలం" అని రాసి ఉండాలి. రిజిస్ట్రార్ ఆఫీసు ముద్ర పడ్డ కాగితం అది. నాలుగు దిక్కుల నుంచీ ఒక్కొక్కటి జిరాక్స్ తీయించి ఆదివారం మా ఇంటికి తీసుకురా, ఇద్దరం కూర్చుని అర్జీ రాద్దాం.

మీ పెద్దబాపు